ల్యాప్‌టాప్‌కి వచ్చే నెట్‌ని ఫోన్‌కి ఇవ్వడం ఎలా: రూటర్ కొనే ముందు ఒకసారి చూడండి

గుంటూరు బ్రాడీపేటలో మా రూము గ్రౌండ్ ఫ్లోర్, అదీ వెనక వైపు, లోపలికొస్తే ఫోన్‌లో సిగ్నల్ ఒక గీత ఉంటే ఉన్నట్టు లేకపోతే లేనట్టు. అమ్మ ఫోన్ చేస్తే గేటు దాకా పరిగెత్తాలి. కానీ ఓనరు గారు పుణ్యం కట్టుకుని ప్రతి రూముకీ కేబుల్ నెట్ లాన్ వైరు లాగించారు, అది ల్యాప్‌టాప్‌కి గుచ్చితే నెట్ బ్రహ్మాండంగా వస్తది, పక్కనే ఉన్న ఫోన్‌కి మాత్రం చుక్క నెట్ లేదు. రూటర్ కొందామని బయల్దేరినోణ్ణి ఆగి ఒకసారి సెట్టింగ్స్ చూశాను, పైసా ఖర్చు లేకుండా అయిపోయింది. అదే చెప్తున్నా.

ముందు ఒక గందరగోళం తీర్చేద్దాం. ఫోన్ నెట్‌ని కంప్యూటర్‌కి ఇవ్వడం అందరికీ తెలిసిందే, యూఎస్‌బీ టెథరింగ్ అనో హాట్‌స్పాట్ అనో అంటాం. ఇది దానికి ఉల్టా, కంప్యూటర్ నెట్‌ని ఫోన్‌కి ఇవ్వడం. కాబట్టి ఫోన్‌లో టెథరింగ్ ఆన్ చేసి ఏమీ రావట్లేదు అనకండి, ఫోన్‌లో చెయ్యాల్సింది వైఫై ఆన్ చెయ్యడం ఒక్కటే, మిగతా పనంతా కంప్యూటర్‌లోనే.

విండోస్ 10గానీ 11గానీ ఉంటే పని చాలా చిన్నది. 2016లో వచ్చిన యానివర్సరీ అప్‌డేట్ నుంచి మొబైల్ హాట్‌స్పాట్ అనేది సెట్టింగ్స్‌లోనే ఉంటుంది. సెట్టింగ్స్ తెరిచి నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌లోకి వెళ్లండి, అందులో మొబైల్ హాట్‌స్పాట్ నొక్కండి. పైన ఏ కనెక్షన్ షేర్ చెయ్యాలి అని అడుగుతుంది, లాన్ వైరు అయితే ఈథర్‌నెట్ పెట్టండి. దేని మీదుగా అంటే వైఫై. బ్లూటూత్ కూడా చూపిస్తుంది గానీ దాని జోలికి పోకండి, స్పీడు నత్తనడక. కింద ఎడిట్ నొక్కి మీకు నచ్చిన పేరు, పాస్‌వర్డ్ పెట్టుకోండి, పాస్‌వర్డ్ 8 అక్షరాలకి తక్కువైతే ఒప్పుకోదు. అక్కడే బ్యాండ్ అని కూడా ఉంటుంది, అది 2.4 గిగాహెర్ట్జ్‌లో పెట్టండి, ఎందుకంటే పాత ఫోన్లకి 5 గిగాహెర్ట్జ్ అసలు కనపడదు, గోడ అవతలికి కూడా 2.4 కాస్త బాగా వెళ్తది. ఇంక ఆన్ చేసి ఫోన్‌లో వైఫై లిస్టు చూస్తే మీ పేరు ఉంటుంది. మొత్తం 8 ఫోన్ల దాకా కనెక్ట్ అవుతాయి.

విండోస్ 7 వాళ్లకి ఈ బటన్ లేదు, నల్ల స్క్రీన్‌లో కమాండ్లు కొట్టాలి. అది 2020 జనవరిలోనే సపోర్ట్ ఆగిపోయిన విండోస్, దాన్ని మార్చుకోవడమే మంచిది, ఆ కమాండ్లు ఇక్కడ రాయట్లేదు.

డెస్క్‌టాప్ అయితే ముందు వైఫై ఉందో లేదో చూడండి, చాలా పాత డెస్క్‌టాప్‌లకి లాన్ పోర్ట్ మాత్రమే ఉంటుంది, నెట్ వస్తది కానీ పంచే యాంటెన్నా లేదు. చిన్న యూఎస్‌బీ వైఫై డాంగిల్ కొనాలి. విజయవాడలో మా బావగారికి ఇదే చేశాం, గవర్నర్‌పేటలో షాపుకెళ్లి "వైఫై పట్టుకోవడానికి కాదు, పంచడానికి" అని గట్టిగా చెప్పి తీసుకున్నాం, ఎందుకంటే కొన్ని డాంగిళ్లు హాట్‌స్పాట్‌గా పనిచెయ్యవు. నెట్ ఇచ్చే కంప్యూటర్‌కి కూడా నెట్ వైఫైలోనే వస్తుంటే అదే చిప్ అటు తీసుకుని ఇటు ఇవ్వాలి, స్పీడు పడిపోతుంది, వైరు ఉంటే వైరే వాడండి.

ఇప్పుడు అసలు ఇరుక్కునే చోటు. మన కేబుల్ నెట్‌లు కొన్ని లాన్ గుచ్చగానే రావు, డయలర్‌లో యూజర్‌నేమ్ పాస్‌వర్డ్ కొట్టి కనెక్ట్ చెయ్యాలి కదా, దాన్ని పీపీపీఓఈ అంటారు. అలాంటి కనెక్షన్ ఉంటే కొన్ని కంప్యూటర్లలో హాట్‌స్పాట్ ఆన్ చెయ్యగానే మీ పీసీకి ఈథర్‌నెట్ గానీ వైఫై గానీ సెల్యులార్ గానీ కనెక్షన్ లేదు అంటుంది. ఎదురుగా బ్రౌజర్‌లో వీడియో ఆడుతూ ఉంటే ఇది నెట్ లేదంటుంది, నాకు ఒక సాయంత్రం మొత్తం దీనికే పోయింది. తిప్పలు ఇలా తప్పాయి. ముందు ఫోన్ హాట్‌స్పాట్‌కో పక్కింటి వైఫైకో ల్యాప్‌టాప్‌ని ఒక్క నిమిషం కలిపి మొబైల్ హాట్‌స్పాట్ ఆన్ చెయ్యండి. విండోస్ కీ పట్టుకుని ఆర్ నొక్కితే రన్ వస్తుంది, అందులో ఎన్‌సీపీఏ డాట్ సీపీఎల్ (ncpa.cpl) అని ఇంగ్లీషులో కొట్టండి, నెట్‌వర్క్ కనెక్షన్లన్నీ వస్తాయి. హాట్‌స్పాట్ ఆన్‌లో ఉన్నప్పుడు లోకల్ ఏరియా కనెక్షన్ అని పక్కన నక్షత్రం గుర్తు (*), అంకె ఉన్నది ఒకటి కొత్తగా కనపడుతుంది, ఆ అంకె గుర్తుపెట్టుకోండి. తర్వాత మీ డయలర్ కనెక్షన్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, షేరింగ్ ట్యాబ్, మొదటి టిక్ పెట్టి కింద ఆ అంకె ఉన్నదాన్ని ఎంచుకోండి. ఒకసారి ఒక్క కనెక్షన్‌నే షేర్ చెయ్యనిస్తుంది, ముందే దేనికైనా టిక్ ఉంటే తీసెయ్యండి. ఇలా రోజూ చెయ్యాల్సొస్తుంటే మాత్రం రూటర్ కొని డయలర్ వివరాలు దాన్లో పెట్టెయ్యడమే నయం, ఇక్కడ మొండితనం అనవసరం.

ఫోన్ కనెక్ట్ అయి "నో ఇంటర్నెట్" అంటే ముందు కంప్యూటర్‌లో నెట్ వస్తుందో చూసి, హాట్‌స్పాట్ ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చెయ్యండి, సగం కేసులు ఇక్కడే తేలిపోతాయి. ఐపీ అడ్రస్, అంటే నెట్‌వర్క్‌లో ఫోన్‌కి ఇచ్చే నంబరు, తీసుకుంటూ అలాగే తిరుగుతూ ఉంటే యాంటీవైరస్‌తో వచ్చిన ఫైర్‌వాల్‌ని కాసేపు ఆపి చూడండి. ఫోన్‌లో ఐపీ 192.168.137 అని మొదలైతే కంప్యూటర్ నుంచి అడ్రస్ అందినట్టే, లోపం ఫోన్‌లో కాదు, కంప్యూటర్‌కి నెట్ వచ్చే వైపు చూడండి. మా పిన్ని అయితే గంటసేపు రావట్లేదని ఫోన్ మీద ఫోన్, తీరా చూస్తే పాస్‌వర్డ్ మొదటి అక్షరం కీబోర్డు తనంతట తాను పెద్దది చేసేస్తుంది. "నేను చిన్నదే కొట్టానురా" అంటుంది, పక్కన కన్ను బొమ్మ నొక్కి చూడు పిన్నీ అంటే అప్పుడు నవ్వింది.

ఇంకో చికాకు నిద్ర. ల్యాప్‌టాప్ మూత వేస్తే స్లీప్‌లోకి పోతుంది, దాంతో పాటే మీ నెట్టూ. పవర్ ఆప్షన్స్‌లో మూత వేస్తే ఏం చెయ్యాలి అన్నదాన్ని డూ నథింగ్ పెట్టుకోండి, చార్జర్‌లో ఉన్నప్పుడు మాత్రమే పెట్టండి, బ్యాగులో వేడెక్కితే బ్యాటరీ సంగతి మీకే తెలుసు. హాట్‌స్పాట్ పేజీలోనే పవర్ సేవింగ్ అని ఇంకోటి ఉంటుంది, ఏ ఫోనూ లేకపోతే అదే ఆఫ్ అయిపోతుంది, బయటికెళ్లి వచ్చాక నెట్ రాలేదంటే దాని పనే, తీసెయ్యండి. వేసవిలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బతికే ఉంటుంది గానీ కేబుల్ నెట్ డబ్బా ఆగిపోతుంది, దానికి హాట్‌స్పాట్ ఏం చెయ్యలేదు.

మ్యాక్ అయితే సిస్టమ్ సెట్టింగ్స్, జనరల్, షేరింగ్, ఇంటర్నెట్ షేరింగ్. వైఫైలో వచ్చే నెట్‌ని మళ్లీ వైఫైలోనే పంచనివ్వదు, లాన్ ఉండాలి. ఉబుంటులో వైఫై సెట్టింగ్స్‌లో మూడు చుక్కల మెనూలో టర్న్ ఆన్ వైఫై హాట్‌స్పాట్ ఉంటుంది.

నెట్ వచ్చాక నేను చేసిన పని, ఫోన్ సెట్టింగ్స్‌లో వైఫై కాలింగ్ ఆన్ చెయ్యడం. మీ ఫోన్‌కి, సిమ్ కంపెనీకి ఆ సౌకర్యం ఉంటే సిగ్నల్ లేకపోయినా కాల్స్ ఈ హాట్‌స్పాట్ మీదుగానే వస్తాయి. నిన్న అమ్మ ఫోన్ చేస్తే మంచం మీద నుంచే ఎత్తాను, "ఏంట్రా ఇవాళ రోడ్డు మీద హారన్లు వినపడట్లేదు" అంది.