సుదీర్ఘ ప్రయాణం ముగిసే వేళ కెప్టెన్ ఏం చూసుకోవాలి, ఏం రాసిపెట్టి దిగాలి

నెలల తరబడి సముద్రంలో ఉండి, ఇంకొక్క రేవు చేరితే రిలీవర్ (మన స్థానంలోకి వచ్చే కెప్టెన్) వచ్చేస్తాడు అనే దశలో ఉన్న కెప్టెన్ల కోసం, త్వరలో ఆ బాధ్యత తీసుకోబోతున్న చీఫ్ ఆఫీసర్ల కోసం ఇది రాస్తున్నాను. హ్యాండోవర్ చెక్‌లిస్ట్ ప్రతి కంపెనీ ఇస్తుంది, దాన్ని నింపడం ఎవరికైనా వచ్చు. ఆ కాగితంలో పట్టనిది చాలా ఉంటుంది. ఆ ఓడ మీకు నేర్పింది, ఆ మనుషుల గురించి మీకు తెలిసింది, మీ నిర్ణయాల్లో ఏది సరైంది, ఏది అదృష్టం కొద్దీ గట్టెక్కింది... ఇవన్నీ గ్యాంగ్‌వే (ఓడ దిగే మెట్లు) దిగిన వారంలోపే మసకబారిపోతాయి. అందుకే ఓడలో ఉండగానే కూర్చుని ఆలోచించాలి, ఆలోచించింది కాగితం మీద పెట్టాలి. తీరిక దొరికితే చేద్దాంలే అనుకునే పని కాదిది. సేఫ్టీ మేనేజ్‌మెంట్ సిస్టమ్‌ని ఎప్పటికప్పుడు సమీక్షించి లోపాలని ఒడ్డునున్న ఆఫీసుకి తెలియజేయాలని ఓడల భద్రతా నిర్వహణకి అంతర్జాతీయ నియమావళి అయిన ఐఎస్ఎం కోడే కెప్టెన్ బాధ్యతల్లో చేర్చింది.

ముందు ఓడని రేవు చేర్చండి

చానల్ ఫీవర్ అనే మాట ఓడల్లో అందరికీ తెలుసు. ప్రయాణం అయిపోవస్తోందంటే మెస్‌రూమ్‌లో నవ్వులు పెరుగుతాయి, నిద్ర తగ్గుతుంది, ఒళ్లు ఓడలోనే ఉన్నా మనసు అప్పటికే ఇంటికి చేరిపోతుంది. క్రూలో అది కనిపిస్తే మనం పట్టుకుంటాం, సర్దిచెబుతాం. కెప్టెన్‌కి వస్తే చెప్పేవాళ్లు ఎవరూ ఉండరు, కాబట్టి మిమ్మల్ని మీరే గమనించుకోవాలి. ఈటీఏ (రేవు చేరే అంచనా సమయం) గురించి రోజుకి పదిసార్లు లెక్కలు వేస్తున్నారా, చార్ట్ చూసినప్పుడు దగ్గరి దారి మీదకే కన్ను పోతోందా, అయితే మీకూ వచ్చినట్టే.

1967 మార్చి 18న టోరీ కాన్యన్ అనే ట్యాంకర్ ఇంగ్లండ్ నైరుతి కొసన సెవెన్ స్టోన్స్ రాళ్లకి కొట్టుకుంది. కువైట్ నుంచి దాదాపు 1,19,000 టన్నుల ముడిచమురుతో అంత దూరం క్షేమంగా వచ్చిన ఓడ అది, గమ్యం ఇంకొద్ది గంటల దూరంలోనే ఉంది. గమ్యమైన మిల్‌ఫర్డ్ హేవెన్ రేవులో ఆ రాత్రి పోటు అందుకోవాలి, తప్పితే రోజుల తరబడి ఆగాలి. సిల్లీ దీవులకి పడమటగా వెళ్లాల్సిన ఓడ తూర్పున ఉన్న ఇరుకు దారిలోకి వెళ్లింది. 2011 అక్టోబర్ 5న న్యూజిలాండ్ దగ్గర రెనా అనే కంటైనర్ ఓడ ఆస్ట్రోలేబ్ రీఫ్ ఎక్కడానికి కూడా పైలట్ స్టేషన్‌కి (ఓడని రేవులోకి నడిపించే స్థానిక నిపుణుడు ఎక్కే చోటుకి) టైముకి చేరాలన్న తొందరలో దారి తగ్గించుకోవడమే మూలం. ఈ రెండు కేసులూ ప్రతి కాంట్రాక్ట్ చివరి వారంలో గుర్తు తెచ్చుకోవాల్సినవి.

అందుకని చివరి రేవుకి రెండు మూడు రోజుల ముందు ప్యాసేజ్ ప్లాన్‌ని (ఓడ వెళ్లాల్సిన దారి పథకాన్ని) సెకండ్ ఆఫీసర్‌తో కలిసి మళ్లీ మొదటినుంచీ చదవండి, మీరే ఆమోదించిన ప్లాన్ అయినా సరే. ఈటీఏ జారుతోందని తెలిసిన వెంటనే ఆఫీసుకి చెప్పేయండి, ఏజెంట్‌కి చెప్పేయండి. ఆలస్యం కబురు ముందే వెళ్లిపోతే తర్వాత స్పీడు పెంచాలన్న టెన్షన్ సగం తగ్గుతుంది. విశ్రాంతి గంటలు నిజంగా తీసుకోండి. 24 గంటల్లో 10 గంటలు, 7 రోజుల్లో 77 గంటలు అన్న నియమం కెప్టెన్‌కి కూడా వర్తిస్తుంది, రికార్డులో అంకెలు సరిపోయినంత మాత్రాన కళ్లకి నిద్ర దొరికినట్టు కాదు. సూట్‌కేస్ మాత్రం ఓడ బెర్త్ అయ్యాకే (రేవులో కట్టాకే) సర్దుకోండి.

వెనక్కి తిరిగి చూడటం ఎలా

దిగడానికి ఓ వారం ముందు మొదలుపెట్టి రోజూ ఓ అరగంట కేటాయిస్తే చాలు. ఎదురుగా ఉండాల్సినవి డెక్ లాగ్ (ఓడ దినచర్య పుస్తకం), నైట్ ఆర్డర్ బుక్ (రాత్రి వాచ్‌లో ఉండే ఆఫీసర్లకి మీరు రాసే సూచనలు), మీ స్టాండింగ్ ఆర్డర్స్ (ఎప్పుడూ వర్తించే మీ ఆదేశాలు), అంతే.

నేనైతే నైట్ ఆర్డర్ బుక్‌తోనే మొదలుపెట్టమంటాను, ఎందుకంటే అందులో ఓడ కంటే ఎక్కువగా మీరే కనిపిస్తారు. మొదటి నెలల్లో రాసిన పేజీలు చూడండి: ఫలానా లైట్ ఎన్నింటికి కనిపించాలి, చేపల పడవలు ఎక్కడ గుంపుగా ఉండొచ్చు, గాలి ఎంత పెరిగితే పిలవాలి, అన్నీ వివరంగా ఉంటాయి. తర్వాత్తర్వాత అవే రెండు వాక్యాలు ప్రతి రాత్రీ అలాగే దిగుతుంటాయి, 'కోర్స్, స్పీడ్ ప్రకారం, సందేహం ఉంటే పిలవండి' అని. ఏ తేదీ నుంచి అలా మారిందో చూసి రాసుకోండి. సాధారణంగా మీ అలసట మొదలైన తేదీ అదే అయి ఉంటుంది, వచ్చే కాంట్రాక్ట్‌లో ఏ నెలలో జాగ్రత్తపడాలో అది చెబుతుంది.

తర్వాత స్టాండింగ్ ఆర్డర్స్. ఒక్కో ఆర్డర్ దగ్గర ఆగి, ఇది నిజంగా అమలైందా అని మిమ్మల్ని మీరే అడగండి. సీపీఏ (ఇంకో ఓడ మనకి అతి దగ్గరగా వచ్చే దూరం) 2 మైళ్ల లోపు వస్తే పిలవండి అని రాసి, రద్దీగా ఉండే జలసంధిలో ఆ లెక్కన ప్రతి ఐదు నిమిషాలకీ పిలవాల్సి వస్తుంటే, ఆఫీసర్లు మెల్లగా పిలవడమే మానేస్తారు. అలా మానేయడం అక్కడితో ఆగదు, నడిసముద్రంలో పిలవాల్సినప్పుడు కూడా పిలవరు. ఇలాంటి ఆర్డర్ ఒక్కటి దొరికినా ఆ అరగంట వసూలైనట్టే, కొత్త కెప్టెన్‌కి ఆ సంగతి తప్పక చెప్పండి.

ఆ మీదట నిర్ణయాలు. తుఫాను తప్పించుకోడానికి దారి మళ్లించారు, ఒక రోజు పోయింది, చివరికి ఆ తుఫాను వేరే వైపు వెళ్లిపోయింది, అనుకుందాం. ఫలితం చూసి తప్పు చేశానని రాసేయకండి. ఆ పూట చేతిలో ఏ ఫోర్‌కాస్ట్ ఉంది, బారోమీటర్ ఎంత చూపించింది, కార్గో ఏమిటి, ఎవరి ఒత్తిడి ఉంది, ఇవి రాసి ఆ సమాచారంతో అదే నిర్ణయం మళ్లీ తీసుకుంటానా అని చూడండి. తీసుకుంటాననిపిస్తే అది మంచి నిర్ణయమే. దీనికి తిరగేసి కూడా చూడాలి, ఇది కష్టమైన భాగం: ఏమీ కాలేదు కాబట్టి సరైనదనుకున్నవాటిలో ఎన్ని గాలి సాయంతో, పోటు సాయంతో గట్టెక్కాయి? వీడీఆర్‌లో (విమానాల బ్లాక్ బాక్స్ లాంటి రికార్డర్‌లో) అంతా ఉంటుందిలే అనుకోవద్దు. 2014 జూలై తర్వాత అమర్చిన వాటిలో కూడా క్యాప్సూల్‌లో 48 గంటలు, దీర్ఘకాలిక మెమరీలో 30 రోజులే ఉంటుంది, పాతవాటిలో అయితే 12 గంటలే. పైగా మీరు ఎందుకలా చేశారన్నది ఏ మెషీనూ రికార్డు చేయదు.

ఇంకొక ప్రశ్న వేసుకోండి: ఎవరూ ఏమీ చెప్పలేదు కాబట్టి అంతా బాగానే ఉందని నేను ఎక్కడెక్కడ అనుకున్నాను? 1987 మార్చి 6న హెరాల్డ్ ఆఫ్ ఫ్రీ ఎంటర్‌ప్రైజ్ అనే ఫెర్రీ ముందు తలుపులు తెరిచి ఉండగానే బయల్దేరింది, మూయలేదని ఎవరూ రిపోర్ట్ చేయలేదు కాబట్టి మూసే ఉంటాయని బ్రిడ్జి (ఓడని నడిపే గది) మీద అనుకున్నారు. 193 మంది చనిపోయారు. మీ ఓడలో అలాంటి మౌనం మీద నడుస్తున్న పని ఏదుందో వెతకండి. హ్యాచ్ కవర్ క్లీట్లు (కార్గో గదుల మూతలు బిగించే కొక్కేలు) కావచ్చు, వాటర్‌టైట్ డోర్లు కావచ్చు, లంగరుని కట్టి ఉంచే లాషింగ్ కావచ్చు. దొరికితే, పని అయిందని నోటితో చెప్పేదాకా అవనట్టే లెక్క అని మార్చి మరీ దిగండి.

రిలీవర్‌కి ఓడ గురించి

ఇది చెక్‌లిస్ట్‌కి విడిగా, మీ మాటల్లో, రెండు పేజీల్లో. బ్రిడ్జి మీద అంటించే వీల్‌హౌస్ పోస్టర్‌లో టర్నింగ్ సర్కిల్ (ఓడ తిరగడానికి పట్టే వలయం), ఆగే దూరం ఉంటాయి, అవి ఓడ కొత్తలో చేసిన సీ ట్రయల్స్ నాటి అంకెలు. ఇప్పుడు అడుగున నాచు పట్టిన ఈ ఓడ ఎలా నడుస్తోందో మీకే తెలుసు. ఎలా రాయాలో ఒక ఉదాహరణ ఇస్తాను:

'డెడ్ స్లో ఎహెడ్‌లోనే (ముందుకి అతి తక్కువ వేగంలోనే) 7 నాట్లు పోతుంది, పైలట్‌కి ముందే చెప్పండి. ఆస్టర్న్ (వెనక్కి) ఇచ్చాక ఇంజన్ అందుకోడానికి టైం పడుతుంది, అందుకున్నాక ముక్కు కుడికి గట్టిగా తిరుగుతుంది. ఖాళీ ఓడకి పక్కగాలి 20 నాట్లు దాటితే ఒక టగ్గు చాలదు. స్టార్ట్ ఎయిర్ (ఇంజన్ స్టార్ట్ చేసే గాలి) 12 సార్లకి సరిపోవాలి గానీ ఎడమ కంప్రెసర్ నీరసంగా ఉంది, వెంటవెంటనే స్టాప్‌లు, స్టార్ట్‌లు అడిగేముందు చీఫ్ ఇంజనీర్‌తో మాట్లాడండి. ముందున్న ఎడమ వించ్ బ్రేకు జారుతోంది, లైనింగ్ ఆర్డర్ పెట్టాం, ఇంకా రాలేదు.'

ఇలా ఉంటే వచ్చేవాడికి మొదటి రేవులోనే పనికొస్తుంది. 'అన్నీ సంతృప్తికరం' అని రాస్తే ఎవరికీ దేనికీ పనికిరాదు.

మనుషుల గురించి కాస్త ఎక్కువ సమయం పెట్టండి. అప్రైజల్స్ (పనితీరు నివేదికలు) చివరి రాత్రికి వాయిదా వేస్తే అందరికీ ఒకే మార్కులు పడతాయి, కష్టపడ్డ కుర్రాడికి అన్యాయం జరిగేది అక్కడే. థర్డ్ ఆఫీసర్ సెకండ్‌గా వెళ్లడానికి సిద్ధంగా ఉన్నాడనిపిస్తే ఏ రాత్రి ఏం చేశాడో చూపించి రాయండి. బాగా లేనిది ఉంటే ముందు అతని ముందే చెప్పి, ఆ తర్వాతే కాగితం మీద పెట్టండి. ఇంటి దగ్గర కష్టంలో ఉన్నవాళ్లెవరో కొత్త కెప్టెన్‌కి నోటితో చెప్పండి, కాగితం మీద వద్దు. దిగేముందు క్యాడెట్ నుంచి కుక్ దాకా ఒక్కొక్కరితో విడిగా ఐదు నిమిషాలు మాట్లాడి, ఈ ఓడలో మీకు కనిపించి నాకు కనిపించనిది ఏమిటని అడగండి. వెళ్లిపోతున్న కెప్టెన్‌కి జనం నిజం చెబుతారు.

కమాండ్ ఇచ్చేటప్పుడు

సర్టిఫికెట్లు గడువు తేదీలతో సహా, సేఫ్‌లో డబ్బు లెక్కపెట్టి, మార్ఫిన్ లాంటి మందులు రిజిస్టర్‌తో సరిచూసి, ఇవన్నీ మామూలే. ముఖ్యమైంది ఏమిటంటే కమాండ్ మారిన సమయం అఫిషియల్ లాగ్‌లో ఎక్కి ఇద్దరి సంతకాలు పడేదాకా ఓడ మీదే, పడ్డాక మీది కాదు. పైలట్ ఓడ మీద ఉండగా, మూరింగ్ (ఓడని రేవుకి కట్టడం) జరుగుతుండగా ఇవ్వకండి. సంతకం అయ్యాక బ్రిడ్జి మీద తచ్చాడకండి, క్రూ ఎవరి మొహం చూడాలో తెలియక ఇబ్బంది పడతారు.

రిలీవర్ ఆఖరి నిమిషంలో రాకపోవచ్చు కూడా. 2020లో క్రూ చేంజ్‌లు ఆగిపోయి ఆ ఏడాది చివరికి సుమారు 4 లక్షల మంది నావికులు కాంట్రాక్ట్ అయిపోయినా ఓడల్లోనే చిక్కుకుపోయారు, ఏకధాటిగా ఓడలో ఉండటానికి ఉన్న 11 నెలల పరిమితి కూడా చాలామందికి దాటిపోయింది. కాబట్టి మీ రెండు పేజీల నోట్‌ని రిలీవర్ ఎదురుగా వచ్చి నిలబడేదాకా మారుస్తూ ఉండండి, స్టాండింగ్ ఆర్డర్స్ సడలించకండి, మళ్లీ ఒక ప్రయాణం చేయాల్సి వస్తే ఆ అలసటని లెక్కలోకి తీసుకుని వాచ్‌లు (కాపలా వంతులు) సర్దండి.

ఇంటికి చేరాక మొదటి కొన్ని రోజులు నిద్రకే వదిలేయండి, పెద్ద నిర్ణయాలు పెట్టుకోకండి. రిలీవర్ నుంచి మెసేజ్ వస్తే మాత్రం ఆ రోజే జవాబివ్వండి, మొదటి రేవు దాటాక అతని ప్రశ్నలు వాటంతటవే తగ్గిపోతాయి. ఓడ నోట్ ఓడలోనే ఉండాలి, మీ గురించి రాసుకున్న నోట్‌బుక్ మీ దగ్గరే ఉండాలి. తర్వాతి ఓడ ఎక్కిన మొదటి సాయంత్రం, పాత స్టాండింగ్ ఆర్డర్స్ ఫైలు తెరిచి పేరు మార్చి ప్రింట్ తీసే ముందు, ఆ నోట్‌బుక్ ఒకసారి మొత్తం చదవండి.