197 రోజుల ప్రయాణంతో నా ఎన్-400 ఎలా గట్టెక్కింది

గ్రీన్ కార్డు వచ్చి ఐదేళ్లు నిండాయి, అమెరికా పౌరసత్వానికి ఎన్-400 దరఖాస్తు నింపుదామని కూర్చున్నా. ప్రయాణాల జాబితా దగ్గర చెయ్యి ఆగిపోయింది. నాన్నకు బాగాలేక గుంటూరులో ఉండిపోయింది 197 రోజులు! బయట ఆరు నెలలు దాటితే అమెరికాలో మన నిరంతర నివాసం తెగిపోయిందనే ముందు అనుకుంటారు. ఏడాది లోపైతే, తెగలేదని మనం రుజువులు చూపించుకోవచ్చు. ఈ సంగతి తెలిసేదాకా రెండు రాత్రులు ఒకటే టెన్షన్.

ఉద్యోగం వదలలేదని కంపెనీ ఇచ్చిన సెలవు ఉత్తరం, ఆ నెలల ఇంటి అద్దె రసీదులు, పన్ను ట్రాన్స్‌క్రిప్టులు, పిల్లల స్కూలు కాగితాలు జత చేశా. తేదీలకు నా జ్ఞాపకాన్ని నమ్ముకోలేదు. పాస్‌పోర్టు ముద్రలు, పాత టికెట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకచోట రెండు రోజులు తేడా దొరికింది కూడా.

ఇంటర్వ్యూలో ఆ ప్రయాణం గురించి అడగనే అడిగారు. ఫైలు ముందుకు జరిపా. ఆఫీసరు ఆవిడ తిరగేసి, సివిక్స్ (అమెరికా చరిత్ర, ప్రభుత్వం) ప్రశ్నల్లోకి వెళ్లిపోయారు.