సైకిల్ పక్కన కుక్క: ఎక్కడ తేడా కొడుతోంది, ఎలా సరిచేసుకోవాలి

మా నల్లోడు నాటు కుక్క. ఇప్పుడు నాలుగేళ్లు. వారానికి నాలుగు రోజులు తెల్లవారుజామున, మా తిరుపతిలో చెర్లోపల్లి నుంచి జూపార్కు వైపు నా సైకిల్ పక్కన పరిగెత్తుతాడు. కాలనీలో ఇంకో ఇద్దరు ముగ్గురు వాళ్ల కుక్కల్ని ఇలాగే తీసుకెళ్తున్నారు. వాళ్లు నన్ను అడిగేవి, నేను దెబ్బ తిని తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నా.

సమస్య: పిల్లి కనబడితే చాలు, లాగి సైకిల్‌ను పడేస్తోంది

తాడు ఎక్కడ కట్టారో చూడండి. హ్యాండిల్‌కి కట్టినా, చేతికి చుట్టుకున్నా ఇదే జరుగుతుంది. హ్యాండిల్ చివర కొంచెం లాగినా ముందు చక్రం అడ్డం తిరుగుతుంది. తుమ్మలగుంట దారిలో నేను అలాగే పడ్డా. చేతికి రెండు చుట్లు వేసుకున్న తాడు విడిపించుకునేలోపు మోచెయ్యి దోక్కుపోయింది.

తాడును సీటు కిందున్న గొట్టానికి, వీలైనంత కిందుగా కట్టాలి. అప్పుడు ఆ లాగుడు మన బరువు మీద పడుతుంది, సైకిల్ కాస్త ఊగి నిలబడుతుంది. స్ప్రింగు ఉన్న కడ్డీలు దొరుకుతాయి, కుదిరితే అవే మేలు. మెడపట్టీ వద్దు, గొంతు నొక్కుకుపోతుంది. ఛాతీ చుట్టూ వేసే పట్టీ కొనండి. కుక్క ఎప్పుడూ మన ఎడమ పక్కనే ఉండాలి. బళ్లు పోయేది కుడి పక్కన కాబట్టి వాటికీ కుక్కకీ మధ్య మనం ఉంటాం. బయల్దేరే ముందు సైకిల్ నిలబెట్టి కుక్కను ముందుకు పిలవండి. దాని మూతి ముందు చక్రానికి అందితే తాడు పొడుగైందన్నమాట.

సమస్య: సగం దారిలో కూలబడుతోంది

దీన్ని మొండితనం అనుకుని లాగకండి, నా మాట వినండి. కుక్కకి మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు. రొప్పడమే దాని ఫ్యాను. మనకి సైకిల్ మీద గాలి తగులుతుంది, దానికి కింద తారు సెగ తగులుతుంది. పైగా మనం పోతుంటే ప్రాణం పోయేదాకా వెంట వస్తుంది కానీ తనంతట తాను ఆగదు.

నాలుక చూడండి. మామూలుగా రొప్పేటప్పుడు సన్నగా ఉంటుంది. వేడెక్కితే వెడల్పై, చివర గరిటెలా వంగి, చొంగ జిగురుగా సాగుతుంది. అక్కడే దిగాలి. నీడకి చేర్చి ఒళ్లంతా, ముఖ్యంగా పొట్ట, తొడల మధ్య నీళ్లు పోసి విసరండి. తాగడానికి కొంచెం కొంచెంగా ఇవ్వండి. తూలుతున్నా, వాంతి చేసుకున్నా నీళ్లు పోస్తూనే ఆసుపత్రికి. కుక్క ఒంటి వేడి మామూలుగా 38 నుంచి 39 డిగ్రీలు, 41 దాటితే ప్రాణం మీదికి వచ్చినట్టే. వెటర్నరీ యూనివర్సిటీ మన ఊళ్లోనే ఉంది, ఆలస్యం చేయొద్దు.

ఏప్రిల్, మే నెలల్లో ఆరు లోపే ఇంటికి వచ్చేయాలి. సాయంత్రం ఎండ తగ్గినా తారు చల్లారదు. అరచెయ్యి వెనక పక్క రోడ్డు మీద ఆనించి ఏడు లెక్కపెట్టండి. పెట్టలేకపోతే ఆ రోజుకి మానేయండి. వేగం కుక్కదే, మనది కాదు. అది దూకుతూ పరిగెడుతోందంటే మనం ఎక్కువ తొక్కుతున్నట్టు. పగ్, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని అసలు తీసుకెళ్లొద్దు.

సమస్య: కుంటుతోంది

ముందు వేళ్ల సందులు విడదీసి చూడండి. మన చుట్టుపక్కల మట్టిదారుల్లో పల్లేరు కాయలు ఎక్కువ, టైరుకీ పాదానికీ ఒకేలా దిగుతాయి. ముల్లు లేకపోయినా పాదం కింది మెత్తలు కమిలి ఎర్రబడి ఉంటే వారం విశ్రాంతి. ఏడాది నిండని పిల్లయితే ఎముకలు ఇంకా ముదరలేదు. పెద్ద జాతులకి ఏడాదిన్నర దాకా ఆగాలి.

సమస్య: వీధికుక్కలు చుట్టుముడుతున్నాయి

తొక్కి పారిపోవాలనిపిస్తుంది, కానీ పరుగు చూస్తేనే అవి రెచ్చిపోతాయి. దిగండి. సైకిల్‌ను మధ్యలో అడ్డం పెట్టి, మన కుక్కను ఇవతల ఉంచుకుని, మెల్లగా నడిచి వాటి హద్దు దాటండి. కరిస్తే, గీరినా సరే, సబ్బుతో 15 నిమిషాలు ధారగా కడిగి అదే రోజు రేబిస్ టీకాకి వెళ్లాలి. మన కుక్కకి ఏటా వేయించే టీకా తేదీ దాటనివ్వకండి.

సమస్య: ఉన్నట్టుండి ఆగిపోయి, ముందుకి రానంటోంది

కొండ పక్క దారిలో, చీకటి ఉన్నప్పుడు ఇలా చేస్తే కారణం వెతకొద్దు. శేషాచలం అడవిలో చిరుతలున్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో ఒక చిన్నపాపను పొట్టన పెట్టుకున్నది చిరుతే. కుక్క దానికి సులువైన వేట. అందుకే వెలుతురు వచ్చాకే ఆ వైపు వెళ్లాలి, ఎండాకాలం అసలు వద్దు, ఊళ్లో వీధులు చాలు.

పోయిన డిసెంబరులో ఇంకా మసక ఉండగా నల్లోడు జూపార్కు రోడ్డులో నిలబడిపోయాడు. చెవులు నిక్కించాడు, వెన్ను మీద వెంట్రుకలు లేచాయి, నోట శబ్దం లేదు. పొదల్లో నాకేమీ కనబడలేదు. తాడు పొట్టిగా పట్టుకుని, సైకిల్ నడిపించుకుంటూ వీధిలైట్ల దాకా వెనక్కి వచ్చేశా.