ఇంట్లో ప్లేయర్ పియానో, 3వ పాఠం: రోల్ వేగం సరిచేయడం

ప్లేయర్ పియానో అంటే రోల్ (పాటను చిల్లులుగా గుచ్చిన కాగితపు చుట్ట) చూసి తనంతట తానే వాయించే పియానో. గత పాఠంలో ట్రాకర్ బార్ (ఆ చిల్లులను గాలితో చదివే పట్టీ) రంధ్రాల్లో దుమ్ము తీశాం, ఇప్పుడు రోల్ వేగం చూద్దాం. వేగం తప్పుగా ఉండటం వేరు, నిలకడగా లేకపోవడం వేరు. ఈ రెండూ ఒకటే అనుకుని చాలామంది వచ్చీ రాగానే వేగాన్ని సరిచేసే స్ప్రింగ్ తిప్పేస్తారు, దయచేసి ఆ పని చేయకండి.

ముందు నిలకడ సంగతి. పాట నడుస్తుండగా పెడల్స్ కాసేపు మెత్తగా, ఆ తర్వాత గట్టిగా తొక్కండి. శబ్దం పెరగాలి, కాగితం వేగం మాత్రం మారకూడదు. దీన్ని కాపాడేది గవర్నర్ అనే చిన్న తిత్తి: గట్టిగా తొక్కి వాక్యూమ్ (గాలిని లాగే బలం) పెంచితే అది ముడుచుకుని రోల్ తిప్పే గాలి మోటార్‌కు గాలి దారి కొంత మూస్తుంది, వాక్యూమ్ తగ్గగానే స్ప్రింగ్ దాన్ని మళ్లీ తెరుస్తుంది. గట్టిగా తొక్కినప్పుడు రోల్ పరుగెత్తుతోందా, అయితే ఆ దారి చాలినంత మూసుకోవట్లేదు, లేదంటే తిత్తి గుడ్డకు ఎక్కడో చిల్లు పడింది. నెమ్మదిస్తోందంటే మరీ ఎక్కువ మూసుకుంటోంది. ఎలా తొక్కినా రోల్ కుంటుతూనే నడుస్తుంటే గవర్నర్‌ని వదిలేసి, గాలి మోటార్‌లో జారే చెక్క వాల్వులు చూడండి. వాటికి పొడి గ్రాఫైట్ మాత్రమే వేయాలి, నూనె చుక్క కూడా తగలకూడదు, చెక్కలోకి ఇంకితే మళ్లీ తీయలేం.

నిలకడ కుదిరాకే వేగం అంకె. టెంపో ముల్లు (ఎంచుకున్న వేగాన్ని చూపే ముల్లు) సున్నా మీద ఉంటే రోల్ ఆగిపోవాలి, ఇంకా పాకుతుంటే ముందు ముల్లుకు, అది కదిపే టెంపో వాల్వుకు మధ్య ఉన్న కడ్డీని సరిచేయండి. టెంపో 70 అంటే నిమిషానికి 7 అడుగుల కాగితం, 80 అంటే 8. వేగం కొలవడానికి చేసిన టెస్ట్ రోల్ లేకపోతే పాత రోల్ మొదట్లో అంచున పెన్సిల్‌తో ఒక గీత, సరిగ్గా 84 అంగుళాల తర్వాత ఇంకో గీత పెట్టండి. ముల్లు 70 మీద ఉంచి, మొదటి గీత బార్ దగ్గరికి రాగానే స్టాప్‌వాచ్ నొక్కండి, రెండోది 60 సెకన్లకు రావాలి. 54 సెకన్లకే వచ్చేసిందంటే మీ 70 నిజానికి 78 దగ్గర నడుస్తోంది. గవర్నర్ స్ప్రింగ్ బిగిస్తే వేగం పెరుగుతుంది, వదులు చేస్తే తగ్గుతుంది. అది మొదట ఎక్కడుందో గుర్తు పెట్టుకుని కొంచెం కొంచెంగా మార్చండి, మార్చిన ప్రతిసారీ మెత్తగా, గట్టిగా తొక్కే పరీక్ష కూడా మళ్లీ చేయండి.

కొలత ఎప్పుడూ రోల్ మొదట్లోనే. కాగితం చుట్టుకునేకొద్దీ కింది స్పూల్ లావవుతుంది, అందుకని చివర్లో వేగం కాస్త పెరగడం మామూలే, దానికోసం స్ప్రింగ్ ముట్టుకోకండి.