వ్యాన్‌లో రెండో బ్యాటరీ నిండకపోతే: నా అనుభవం

ఉద్యోగ విరమణ తరువాత, ధనుర్మాసపు చలికి మా ఆవిడ మోకాళ్ల నొప్పులు ఎక్కువవుతున్నందున, తిరుపతి నుంచి వ్యాన్‌లో బయలుదేరి సంక్రాంతి దాకా రామేశ్వరం వైపు గడపడం మాకు అలవాటైంది. ఆమె ఇంకా తెరవని ఇన్సులిన్‌ను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి కనుక చిన్న ఫ్రిజ్‌కు, ఇంజను నడిచేటప్పుడు నిండే రెండో బ్యాటరీని వెనుక పెట్టించాము. అయితే పగలంతా బండి నడిపినా తెల్లవారేసరికి ఫ్రిజ్ ఆగిపోయేది. బ్యాటరీ మార్చమని కొందరన్నారు గానీ, నేను ముందు వోల్టులు కొలిచే మల్టీమీటరుతో చూశాను. ఇంజను నడుస్తుండగా ముందున్న బండి బ్యాటరీ వద్ద 14.2 వోల్టులు, వెనుక రెండో బ్యాటరీ వద్ద 13 మాత్రమే ఉన్నాయి. రెండింటినీ కలిపే తీగ సన్నం, పైగా విప్పి చూస్తే లగ్గు (తీగ చివర బిగించే లోహపు ముక్క) కింద పచ్చని చిలుము పట్టి ఉంది. 25 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ వేయించి, రెండు బ్యాటరీలకూ దగ్గరగా ఫ్యూజులు పెట్టించాను. దయచేసి ఈ ఫ్యూజులు పెట్టడం ఎవరూ మానవద్దు. ఇప్పుడు వెనుక కూడా 14 వోల్టులు వస్తున్నాయి, తెల్లవారుజామున ఫ్రిజ్‌లో 5 డిగ్రీలే ఉంటోంది.