అల్ట్రాసౌండ్ చూస్తూ ఐవీ లైన్: మా సిస్టర్లకు ఎలా నేర్పిస్తానంటే

కీమో తీసుకున్నవాళ్లకి, ఒళ్లు వాచినవాళ్లకి నరం (సిర) కంటికి కనబడదు, వేలికి తగలదు. అల్ట్రాసౌండ్ తెర మీద చూస్తూ ఐవీ లైన్ (సెలైన్, మందులు ఎక్కించడానికి సిరలో పెట్టే సన్నని గొట్టం) వేసే ఈ పద్ధతిని విశాఖలో మా ఐసీయూ సిస్టర్లకు నేర్పేది అలాంటివాళ్ల కోసమే.

మొదటి రోజు సూది ముట్టుకోనివ్వను. లీనియర్ ప్రోబ్ (చర్మానికి ఆనించే, చదునైన మొన ఉన్న స్కానింగ్ పరికరం) ఒకరి చేతి మీద ఒకరు పెట్టుకుని చూడాలి. మెల్లగా నొక్కితే సిర అణిగిపోతుంది. ధమని అంత తేలిగ్గా అణగదు, కొట్టుకుంటూ కనిపిస్తుంది.

తర్వాత పూర్ణా మార్కెట్ నుంచి బోన్‌లెస్ చికెన్ తెప్పిస్తాను. ఎర్ర సిరా కలిపిన నీళ్లతో పొడుగాటి బెలూన్ నింపి అందులో దూర్చితే సిర తయారు. ప్రోబ్‌కి కవర్ వేయడం మర్చిపోకండి, లేకపోతే మెషీన్లు చూసుకునే బయోమెడికల్ వాళ్లు ఊరుకోరు!

అందరూ తడబడేది సూది మొన దగ్గరే. తెర మీద తెల్లచుక్క మొనే అని నమ్మకండి, సూది మధ్యభాగం కూడా అలాగే కనిపిస్తుంది. చుక్క మాయమయ్యేదాకా ప్రోబ్‌ని కొంచెం ముందుకు జరపండి, మళ్లీ కనబడేదాకా సూదిని తొయ్యండి. ఇలా అంచెలంచెలుగా వెళ్లాలి. రక్తం కనబడగానే ఆగిపోవద్దు. మొనను సిర మధ్యలో ఉంచుతూ ఇంకొన్ని మిల్లీమీటర్లు నడిపించాకే సూది మీదున్న మెత్తని గొట్టం, అంటే క్యాన్యులా, సిరలోకి జార్చండి.

పేషెంట్ దగ్గర స్టెరైల్ జెల్, స్టెరైల్ కవర్ తప్పనిసరి. 4 మి.మీ. వెడల్పు, 1.5 సెం.మీ. లోపు లోతు ఉన్న సిర వెతకండి. లోతు ఎక్కువైతే మామూలు క్యాన్యులా ఊడొస్తుంది, పొడుగుది తీసుకోండి. ఫిస్టులా (డయాలసిస్ కోసం ధమనిని సిరతో కలిపిన చోటు) ఉన్న చేతి జోలికి వెళ్లొద్దు.

ఇంకోటి, మెషీన్ 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం (కడుపులో బిడ్డ లింగ నిర్ధారణను నిషేధించే చట్టం) కింద రిజిస్టరై ఉండాలి. రేడియాలజీకి చెప్పకుండా వార్డుకు తోసుకెళ్లకండి.