ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్తున్నారా? ముందు ఫోన్ సంగతి చూసుకోండి

చదువుకో ఉద్యోగానికో ఇంగ్లండ్ వచ్చిన మనవాళ్లలో చాలామందికి ఒక కోరిక ఉంటుంది. ఇంట్లో అందరూ పడుకున్నాక సౌండ్ తగ్గించి టీవీలో చూసిన ఆటని ఒక్కసారైనా స్టేడియంలో కూర్చుని చూడాలని. నాకూ అదే కోరిక. తీరా వెళ్లిన మొదటి మ్యాచ్‌లో (ఏ క్లబ్బో చెప్పను) గేటు దగ్గరే ఇరుక్కుపోయాను.

అక్కడి టర్న్‌స్టైల్ ఒక్క మనిషి పట్టేంత సందు. నడుము ఎత్తున ఇనుప కమ్మీలు, పక్కన అరచేయంత రీడర్. ఫోన్ ఆనించాను, ఎర్ర లైటు. మళ్లీ ఆనించాను, మళ్లీ ఎర్ర లైటే. వెనక క్యూలో ఎవరో గట్టిగా నిట్టూర్చారు. నాకు చెమటలు పట్టేశాయి. అక్కడ డ్యూటీలో ఉన్న ఒక పెద్దావిడ వచ్చి, నా ఫోన్ తీసుకుని తిప్పి చూసి, కవర్ వెనక దోపిన బ్యాంకు కార్డు లాగి నా చేతిలో పెట్టింది. రీడర్‌కి టికెట్ కాకుండా ఆ కార్డు తగులుతోందన్నమాట. కార్డు తీసి ఆనించగానే పచ్చ లైటు వెలిగింది, కమ్మీ తిరిగింది.

ఆ రోజు నుంచి నాది ఒకటే పద్ధతి. ఫోన్‌తో ఉన్న పనులన్నీ గేటు దాటేలోపే ముగించేయాలి. ఎలాగో వరసగా చెబుతాను.

1. మీ ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ ఉందా?

ఇక్కడి అగ్రశ్రేణి లీగ్ అయిన ప్రీమియర్ లీగ్ క్లబ్బుల్లో చాలావాటికి ఇప్పుడు కాగితం టికెట్ లేదు. టికెట్ ఆపిల్ వాలెట్‌లోకో గూగుల్ వాలెట్‌లోకో వస్తుంది, గేటు దగ్గర ఫోన్ ఆనిస్తే తెరుచుకుంటుంది. ఇలా ఆనిస్తే పనిచేయడానికి ఫోన్‌లో ఎన్‌ఎఫ్‌సీ అనే చిప్ ఉండాలి. ఇండియా నుంచి తెచ్చుకున్న తక్కువ ధర ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావాటికి అది ఉండదు. మన దగ్గర క్యూఆర్ కోడ్‌తోనే అన్నీ జరిగిపోతాయి కాబట్టి ఆ లోటు ఎప్పుడూ తెలియదు.

సెట్టింగ్స్‌లో ఎన్‌ఎఫ్‌సీ అని వెతకండి. కనిపిస్తే ఆన్ చేసి ఉంచండి. కనిపించకపోతే టికెట్ కొన్న రోజే క్లబ్ టికెట్ ఆఫీసుకి మెయిల్ పెట్టండి, వేరే దారి వాళ్లే చెబుతారు. మ్యాచ్ రోజు కిటికీ దగ్గర చెప్పుకోవాలంటే అప్పటికే మీ ముందు బారెడు క్యూ ఉంటుంది.

2. టికెట్ క్లబ్ దగ్గరే కొనండి

పెద్ద క్లబ్బుల్లో ముందు సభ్యత్వం తీసుకోవాలి. ఆ తర్వాతైనా టికెట్ దొరుకుతుందన్న గ్యారంటీ లేదు. ఆర్సెనల్ లాంటి చోట సభ్యులకి లాటరీ వేస్తారు. లాటరీ తగలకపోతే ఆశ వదులుకోవద్దు. సీజన్ టికెట్ (సీజన్ మొత్తానికి ఒకే సీటు) ఉండి ఆ రోజు రాలేనివాళ్లు తమ సీటుని క్లబ్ సైట్‌లోనే తిరిగి అమ్మకానికి పెడతారు. మ్యాచ్‌కి రెండు మూడు రోజుల ముందు అక్కడ రోజుకి నాలుగైదు సార్లు చూస్తూ ఉంటే ఒంటరి సీటు దొరకొచ్చు. పక్కపక్క సీట్లు మాత్రం కష్టం.

స్టూడెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో "ఒక టికెట్ ఎక్స్‌ట్రా ఉంది, డబ్బులు పంపితే స్క్రీన్‌షాట్ పెడతా" అనేవాళ్లు కనిపిస్తారు. ఎన్‌ఎఫ్‌సీ టికెట్‌కి స్క్రీన్‌షాట్ ఎందుకూ పనికిరాదు. పైగా ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ టికెట్లని అనుమతి లేకుండా అమ్మడం 1994 నుంచి నేరం. సినిమా హాలు ముందు బ్లాక్ టికెట్ లాంటిదే కదా అనుకుని దిగొద్దు.

కొనేటప్పుడు సీటు మ్యాప్ కూడా తెరిచి చూడండి. కొన్ని పాత స్టేడియాల్లో స్తంభాలు అడ్డొస్తాయి. ఫుల్‌హామ్ వాళ్ల క్రేవెన్ కాటేజ్‌లో జానీ హేన్స్ స్టాండ్ 1905లో కట్టింది. చెక్క కుర్చీలతో ముచ్చటగా ఉంటుంది కానీ స్తంభం వెనక సీటు పడితే సగం ఆట మెడ వంచి చూడాల్సిందే.

3. రైలు టికెట్‌కి తొందరపడొద్దు

ముందు ప్రకటించిన తేదీ, టైము టీవీ వాళ్ల కోసం మారుతుంటాయి. శనివారం అనుకున్న మ్యాచ్ సోమవారం రాత్రికి జరగొచ్చు. చవగ్గా వస్తుందని కొన్న అడ్వాన్స్ రైలు టికెట్‌కి డబ్బులు వెనక్కి రావు. టీవీ మ్యాచ్‌ల జాబితా వచ్చాకే కొనండి.

ఇక్కడో తమాషా ఉంది. బ్రిటన్‌లో శనివారం మధ్యాహ్నం 2:45 నుంచి 5:15 దాకా ఫుట్‌బాల్‌ని టీవీలో లైవ్ ఇవ్వరు, జనం స్టేడియాలకి రావడం మానేస్తారని. అదే మ్యాచ్ ఇండియాలో లైవ్‌గా చూడొచ్చు. గుంటూరులో సోఫా మీద కూర్చున్న తమ్ముడు చూస్తుంటాడు, ఆ స్టేడియానికి రెండు వీధుల అవతల అద్దెకుంటున్న అన్న చూడలేడు!

4. ముందు రోజు రాత్రి

వైఫైలో ఉండగానే టికెట్‌ని వాలెట్‌లోకి ఎక్కించండి. ఒకసారి ఎక్కితే గేటు దగ్గర నెట్ లేకపోయినా పనిచేస్తుంది. నలుగురు వెళ్తుంటే నాలుగు టికెట్లూ ఒకే ఫోన్‌లో ఉంచుకోవద్దు, క్లబ్ యాప్‌లోంచి ఎవరి ఫోన్‌కి వాళ్లది పంపించేయండి. ఆ ప్రాంతం మ్యాప్ డౌన్‌లోడ్ చేసుకోండి. ఫుల్ ఛార్జింగ్, జేబులో చిన్న పవర్ బ్యాంకు. బ్యాగు వద్దు. తప్పదంటే ఏ4 కాగితం సైజు దాటకూడదు, చాలా క్లబ్బుల రూలు అదే.

5. వెళ్లే దారిలో

లండన్ ట్యూబ్‌లో (అక్కడి మెట్రో రైలు) ఫోన్ ఆనించి లోపలికి వెళ్తే, బయటికి కూడా ఫోనే ఆనించాలి. రెండూ ఒకే ఖాతావి కదా అని బయటికి ప్లాస్టిక్ కార్డు పెడితే దాన్ని వేరే ప్రయాణంగా లెక్కేసి రెండింటికీ ఎక్కువ ఛార్జీ లాగేస్తుంది. సిటీమ్యాపర్ లాంటి యాప్ ఉంటే ఏ లైను ఆగిందో ముందే తెలుస్తుంది.

గేటు దగ్గర ఒక్క మాట గుర్తుంచుకోండి: ఐఫోన్ అయితే పైభాగం ఆనించాలి, ఆండ్రాయిడ్ అయితే ఎక్కువగా వీపు మధ్య భాగం. కవర్‌లో కార్డులు ఉంటే తీసేయండి. ఎందుకో చెప్పక్కర్లేదు.

6. లోపలికి వెళ్లాక

అరవై వేల మంది ఒకేసారి ఫోన్ తీస్తే నెట్‌వర్క్ చచ్చుబడిపోతుంది. స్టేడియం వైఫై ఉంటే దానికి కలపండి. 2019లో తెరిచిన టాటెన్‌హామ్ స్టేడియంలో మొదటి నుంచీ నోట్లు, చిల్లర చెల్లవు, కార్డో ఫోనో ఉండాల్సిందే. అక్కడ బీరు గ్లాసు అడుగు నుంచి నిండుతుంది. తాగినా తాగకపోయినా ఒకసారి చూడండి, సరదాగా ఉంటుంది. ఆ గ్లాసుతో సీటు దగ్గరికి మాత్రం వెళ్లకూడదు. మైదానం కనిపించే చోట మద్యం తాగకూడదని 1985 నుంచి చట్టం ఉంది.

స్టేడియంలో అందరికీ చికాకు తెప్పించేది వీఏఆర్, అంటే రిఫరీ నిర్ణయాన్ని వీడియో చూసి సరిచూసే పద్ధతి. ఇంట్లో ఉన్నవాళ్లకి రీప్లే మీద రీప్లే వేస్తారు, మీరేమో ఏం జరుగుతోందో తెలియక నిలబడి ఉంటారు. ఇప్పుడు కొంచెం నయం. 2025 ఏప్రిల్ నుంచి ఆఫ్‌సైడ్ గీతల్ని కంప్యూటరే గీస్తోంది, అది కూడా స్టేడియం చుట్టూ బిగించిన ఐఫోన్ల కెమెరాలతో. 2025-26 సీజన్ నుంచి రిఫరీ మానిటర్ చూసొచ్చాక మైకులో నిర్ణయం చెబుతున్నాడు. ఇంకా అర్థం కాకపోతే ఎక్స్‌లో ప్రీమియర్ లీగ్ మ్యాచ్ సెంటర్ ఖాతా తెరవండి, నిర్ణయం వెనక కారణం రెండు ముక్కల్లో పెడతారు. నెట్ దొరికితేనే అనుకోండి.

పక్కవాళ్లు మీ రంగు మీదో దేశం మీదో నోరు పారేసుకుంటే వాళ్లతో వాదనకి దిగాల్సిన పనిలేదు. చాలా క్లబ్బులు ఫిర్యాదుల కోసం ఒక మెసేజ్ నంబరు ఇస్తాయి. సీటు నంబరు రాసి పంపితే సిబ్బందే వస్తారు. జాతి వివక్ష మీద పనిచేసే కిక్ ఇట్ అవుట్ సంస్థకి కూడా ఫిర్యాదు చేయొచ్చు. క్లబ్ మెసేజ్ నంబరు ముందే సేవ్ చేసుకోండి.

7. తిరుగు ప్రయాణం

మ్యాచ్ అయిన వెంటనే దగ్గర స్టేషన్‌కి పరుగెత్తడం అందరూ చేసేదే, అందుకే అక్కడ క్యూ కదలదు. టాటెన్‌హామ్‌లో అయితే వైట్ హార్ట్ లేన్ స్టేషన్ వదిలేసి సెవెన్ సిస్టర్స్ దాకా దాదాపు అరగంట నడవడమే నాకు నచ్చుతుంది. దారంతా పాటలు, చేతిలో వేడివేడి చిప్స్.

వీడియోలు ఇంటికి పంపడం రైలెక్కాక పెట్టుకోండి. మ్యాచ్ జరుగుతుండగా మాత్రం స్కోరు మెసేజ్ చేయొద్దు. ఇంటర్నెట్‌లో లైవ్ కొంత ఆలస్యంగా వస్తుంది. ఒకసారి ఆగలేక మా తమ్ముడికి "గోల్!" అని పెట్టాను. సాయంత్రమంతా ఒక్క ఫొటో కూడా కదలని నెట్‌వర్క్‌లో ఆ ఒక్క మెసేజ్ మాత్రం క్షణంలో వెళ్లిపోయింది. వాడి టీవీలో అప్పటికింకా కార్నర్ కిక్ కూడా కొట్టలేదట.